కార్బొరేటర్ నాలుగో స్క్రూ

కౌటొకైనో
1974 మార్చి 4

ఇంగా అక్కకి,

చలి మైనస్ ఇరవై ఆరు. గాలి లేదు. మంచు పైపొర గట్టిపడింది, రెయిన్‌డీర్ మంద దాని అడుగునున్న నాచు తవ్వుకోవడానికి అవస్థ పడుతోంది. ఒక కుక్క కాలు కోసుకుంది, కట్టు కట్టాను. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ కుక్కలూ.

హాల్వర్ బావని ఒకటి అడగాల్సి ఉంది, అందుకే ఈ ఉత్తరం. ఆయన పడవ ఇంజన్లు విప్పిన మనిషి. నేను మంచు స్కూటర్‌తో వచ్చిన పుస్తకం చూసి నేర్చుకున్నవాణ్ణి. ఆ పుస్తకం జపాన్ భాషలో ఉంది. బొమ్మలు బాగుంటాయి.

శనివారం స్కూటర్ వెనక స్లెడ్జి కట్టుకుని ఊరి చివర రిస్తెన్ ఇంటి మీదుగా వస్తున్నాను. రిస్తెన్ నీకు గుర్తుండే ఉంటుంది. రెయిన్‌డీర్ కొమ్ముతో కత్తిపిడులు చేస్తుంది, వాళ్ళ గారెన్ అత్తతో ఉంటుంది. సరిగ్గా వాళ్ళ వాకిట్లోకి వచ్చేసరికి యాక్సిలేటర్ బిగుసుకుపోయింది. కార్బొరేటర్ లోపల నీరు గడ్డకట్టి ఉంటుంది. నేను చెయ్యి వదిలేసినా బండి వేగం వదల్లేదు. ఇంజన్ ఆపే బటన్ క్రిస్మస్‌కి ముందే విరిగింది. నేరుగా పోతే ఏటిగట్టు. అందుకని హ్యాండిల్ తిప్పి పట్టుకుని వాళ్ళ ఇంటి చుట్టూ తిరిగాను. మూడో చుట్టులో బండి వాళ్ళ కట్టెల కుప్ప ఎక్కి ఆగింది.

రిస్తెన్ బయటికి వచ్చి స్లెడ్జి విప్పింది. ఇద్దరం కలిసి స్కూటర్ దించాం. కాఫీ ఇచ్చింది. తాగాను.

అసలు సంగతి ఇది. కార్బొరేటర్ ఊడదీశాను. దాని అడుగు గిన్నెకి నాలుగు స్టార్ స్క్రూలు. మూడు వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టి కదల్లేదు. గట్టిగా తిప్పితే స్క్రూడ్రైవర్ జారి, స్క్రూ తల గుండ్రంగా అరిగిపోయింది. ఇప్పుడు దానికి పట్టు లేదు. వస్తువుని కదలకుండా బిగించి పట్టే వైస్ మా ఇంట్లో లేదు, రిస్తెన్ పనిబల్లకి ఉంది, కాబట్టి కార్బొరేటర్ అక్కడే బిగించి వచ్చాను. ఈస్టర్ తరవాత మంద సముద్రం వైపు కదులుతుంది. ఆలోగా స్కూటర్ నడవాలి. లేకపోతే మందకీ నాకూ మధ్య కొండలు మిగులుతాయి.

అలాంటి స్క్రూ ఎలా వస్తుందో బావని అడిగి రాయి.

నీ తమ్ముడు
లెమెత్


స్కెర్వొయ్
మార్చి 9

ఒరేయ్ లెమెత్, బంగారు తండ్రీ!

నీ ఉత్తరం నిలబడి చదివాను, కూర్చుని చదివాను, మళ్ళీ హాల్వర్‌కి చదివి వినిపించాను. ముప్పై తొమ్మిదేళ్ళు వచ్చాయి, ఇంక వీడు ఉత్త కుక్కలతోనే బతికేస్తాడని నేను ఆశ వదిలేసుకున్నానురా! మూడు చుట్లు! అదీ పట్టపగలు!

నాన్న కూడా అంతే కదా. రెయిన్‌డీర్‌ని స్లెడ్జికి కట్టుకుని వచ్చి అమ్మావాళ్ళ గుడారం చుట్టూ మూడు చుట్లు తిరిగాడు. నోరు విప్పి ఒక్క మాట అనలేదు. అమ్మ బయటికి వచ్చి జింక పగ్గం విప్పింది. విప్పిందంటే ఒప్పుకున్నట్టు. విప్పకుండా లోపలే కూర్చుంటే వచ్చినవాడు వచ్చిన దారినే పోవాలి. ఈ రోజుల్లో ఎవరు చేస్తున్నారు ఇలా? అందరూ డాన్సులకి పోయి వెతుక్కుంటున్నారు. నువ్వు మాత్రం పెద్దల పద్ధతిలో వెళ్ళావు. జింక బదులు స్కూటర్ అయితేనేం, ఆ పిల్ల వచ్చి విప్పింది కదా!

పైగా దాన్ని స్క్రూల మధ్య దాచి రాశావు. "రిస్తెన్ బయటికి వచ్చి స్లెడ్జి విప్పింది." అంతేనట! హాల్వర్ అంటాడూ, "నీ తమ్ముడు చచ్చిపోయినా వాతావరణం రాశాకే ఆ సంగతి రాస్తాడు" అని.

హాల్వర్ మనలా జింకల కాపర్ల ఇంటివాడు కాదు కదా, మన పద్ధతులు ఎంత చెప్పినా ఎక్కవు. "అయితే ఆ అమ్మాయికి జింకలెన్ని?" అన్నాడు. బల్ల కింద కాలు తొక్కాను. మనవాళ్ళని అది అడగడమంటే డబ్బెంతుందో చూద్దామని జేబులో చెయ్యి పెట్టడమేనని పెళ్ళయినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాను.

ఈస్టర్‌కి పెళ్ళి పెట్టేద్దాం. ఎలాగూ అప్పుడు మంచు మీద ఊళ్ళన్నీ కౌటొకైనో చేరతాయి. నీ కొత్త అంగీకి ఎర్ర పట్టీ మొదలుపెట్టేశాను. పక్కింటివాళ్ళకి చెప్పాను. పాస్టరు గారి భార్యకి చెప్పాను. చేపల షెడ్డులో చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేదు.

ఆ, నీ స్క్రూ. హాల్వర్ ఏమంటాడంటే, చేప నూనెలో రెండ్రోజులు నానబెట్టాలట. సీసా పంపుతున్నాను. దానికీ రాకపోతే వేడినీళ్ళలో పెట్టాలట. బయటి లోహం ఉబ్బి స్క్రూని వదులుతుందట. ఇదంతా రాయమని నా ప్రాణం తీశాడు.

రిస్తెన్‌కి నా ముద్దులు. గారెన్ అత్తకి దణ్ణాలు.

మీ అక్క
ఇంగా


కౌటొకైనో
మార్చి 15

అక్కా,

చలి మైనస్ పద్దెనిమిది. కొంచెం మంచు పడింది. కుక్క కాలు మానింది.

నువ్వు పొరబడ్డావు. యాక్సిలేటర్ బిగుసుకుపోయిందని రాశాను కదా. నేను తిరగలేదు, బండి తిరిగింది. దయచేసి చేపల షెడ్డులో ఈ సంగతి చెప్పు.

చేప నూనె వాడాం. నూనె పోసిన గిన్నెలో కార్బొరేటర్ నానబెట్టి రిస్తెన్ ఇంటి వసారాలో పెట్టాం. మర్నాడు వెళితే గిన్నె ఖాళీ. కార్బొరేటర్ అద్దంలా మెరుస్తోంది. వాళ్ళ కుక్కలు నాకాయి. చాప్పె అనే నల్ల కుక్క దాన్ని నోట కరుచుకుని కొట్టం వెనక దాచుకుంది కూడా. దగ్గరికి వెళితే గుర్రుమంది. రిస్తెన్ ఎండు మాంసం ముక్క చూపించి, "చాప్పే, అమ్మా, అది కొరికితే నీ పళ్ళు పోతాయే" అని బతిమాలితే అప్పుడు వదిలింది. కార్బొరేటర్ మీద పంటిగాట్లు పడ్డాయి. స్క్రూ మీద లేవు. స్క్రూ కదల్లేదు.

గారెన్ అత్త కిటికీ దగ్గర్నుంచి లేవడం లేదు. ఆవిడకి చెవులు సరిగా వినబడవు, కళ్ళు మాత్రం బాగా కనబడతాయి. నేను గుమ్మంలోకి రాగానే, "మూడు చుట్లూ తప్పకుండా తిరిగావు నాయనా, ఈ కాలం కుర్రాళ్ళయితే ఒకటితోనే ఆపేస్తారు" అంది. నేను యాక్సిలేటర్ గురించి చెప్పాను. "ఆఁ, తిను తిను" అని మూలగ ఎముకలు నా పళ్ళెంలో పెట్టింది. ఇంట్లో మంచి ఎముకలన్నీ నాకే వచ్చాయి. రిస్తెన్ తల వంచుకుని తింటోంది. నవ్వుతోందో ఏమో కనబడలేదు.

పని మీద రోజూ వెళ్ళాల్సి వస్తోంది. వెళ్ళినప్పుడల్లా కాఫీ ఇస్తున్నారు. ఆమె పెద్దగా మాట్లాడదు. నేనూ మాట్లాడను. ఇద్దరం స్క్రూని చూస్తూ కూర్చుంటాం. ఇబ్బందిగా ఏమీ లేదు.

బావ దగ్గర సుత్తితో కొడితే తిరిగే స్క్రూడ్రైవర్ ఉందని గుర్తు. అది పంపమను. త్వరగా.

లెమెత్


స్కెర్వొయ్
మార్చి 20

ఒరేయ్ పిచ్చివాడా,

కుక్కల సంగతి చదివి హాల్వర్ కుర్చీలోంచి కింద పడ్డాడు. నిజంగానే పడ్డాడు, కుర్చీ కాలు విరిగింది.

యాక్సిలేటర్ బిగుసుకుంది అంటావు. సరే. నాన్న ఏమనేవాడో నీకు గుర్తుందా? "జింక బెదిరింది, అందుకే మూడు చుట్లు తిరిగింది, నేను మీ అమ్మావాళ్ళ నాన్నకి ఉప్పు ఇవ్వడానికి వెళ్ళాను" అని చచ్చేదాకా అదే పాట. అమ్మ "అవునవును" అంటూ సాక్సులు అల్లుకునేది. మన ఇంటి మగాళ్ళకి అదో జబ్బురా. మనసు ఒక వైపు పోతుంటే నేరం బండి మీదో జింక మీదో వేస్తారు.

రోజూ వెళుతున్నావు. కాఫీ తాగుతున్నావు. ఇద్దరూ కలిసి స్క్రూని చూస్తున్నారు. "ఇబ్బందిగా ఏమీ లేదు." నువ్వు కుక్క గురించి తప్ప ఇంత మంచిమాట ఎవరి గురించీ రాయలేదు, తెలుసా?

అందుకే నీకు అసలు కావలసింది నేనే పంపేశాను. మొన్నటి బస్సుకే పార్సెల్ వెళ్ళింది, ఈ ఉత్తరం కన్నా ముందే చేరుతుంది. అమ్మ వెండి బ్రోచి. శాలువాకి పెట్టుకునేది, చుట్టూ రింగులు వేలాడుతూ ఉంటుంది, అదే. నాకు పెద్దకూతురినని ఇచ్చింది గానీ, "తమ్ముడి పెళ్ళాం వస్తే ఇచ్చెయ్యి" అని అప్పుడే చెప్పింది. నువ్వే నీ చేత్తో రిస్తెన్‌కి ఇవ్వాలి. మాటలు అక్కర్లేదు, నీకు రావు కూడా.

హాల్వర్ స్క్రూడ్రైవర్ వెతుకుతున్నాడు. పడవలోనో నీళ్ళలోనో ఉందట.

అక్క


కౌటొకైనో
మార్చి 28

అక్కా,

చలి మైనస్ పదకొండు. పగలు చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

బావ చెప్పిన రెండో పద్ధతి, వేడినీళ్ళది, చేశాం. నేను రిస్తెన్‌తో పాటు బయట మంచు తవ్వుతున్నాను. కార్బొరేటర్ వేడినీళ్ళలో వెయ్యమని గారెన్ అత్తకి కిటికీలోంచి అరిచి చెప్పాను. ఆవిడ తల ఊపింది. పొయ్యి మీద ఒకటే గిన్నె ఉంది. అందులో మాంసం పులుసు ఉడుకుతోంది. వేడి అయితే వేడే కదా అని అందులో వేసింది.

పైకి తీసేసరికి స్క్రూ కదల్లేదు. పులుసు పారేద్దామంటే అత్త ఒప్పుకోలేదు. "వచ్చిన మనిషికి వండింది పారబోస్తామా?" అంది. ముగ్గురం తిన్నాం. పెట్రోల్ వాసన వచ్చింది. బాగుందా అని అత్త అడిగింది. బాగుందన్నాను. ఇంకో గరిటె పోసింది. రిస్తెన్ బయటికి వెళ్ళి చాలాసేపు రాలేదు. దగ్గు వచ్చిందని చెప్పింది. ఆ దగ్గు నవ్వులా వినబడింది.

మర్నాడు పార్సెల్ వచ్చింది. నీ ఉత్తరం ఇంకా రాలేదు. పార్సెల్ బరువుగా ఉంది, లోపల లోహం కదిలిన చప్పుడు అవుతోంది. బావ స్క్రూడ్రైవర్ అనుకున్నాను. విప్పకుండా అలాగే పట్టుకెళ్ళాను. చేతులకి గ్రీజు ఉందని రిస్తెన్‌కి ఇచ్చి, "ఇది తీసి చూడు, దీంతో మన పని అయిపోతుంది" అన్నాను.

ఆమె విప్పింది. అమ్మ బ్రోచి.

ఆమె చాలాసేపు చూసింది. తరవాత వైస్‌లో ఉన్న కార్బొరేటర్ వైపు చూసింది. "ఇది ఆ స్క్రూకి పెద్దదేమో" అంది.

"అవును, పెద్దదే" అన్నాను.

ఆమె దాన్ని శుభ్రమైన గుడ్డలో చుట్టి కాఫీ డబ్బా పక్కన అరలో పెట్టింది. గారెన్ అత్త కిటికీ దగ్గర నా పేరు మీద పాట మొదలుపెట్టింది. నా మీద ఇంతవరకూ ఎవరూ పాట కట్టలేదు. అందులో స్కూటర్ చప్పుడు కూడా ఉంది. కుక్కలు కలిసి పాడాయి. నేను టోపీ పెట్టుకుని వచ్చేశాను.

రెండ్రోజుల తరవాత నీ ఉత్తరం వచ్చింది.

వెళ్ళి, పొరపాటు జరిగిందని చెప్పి బ్రోచి తెచ్చుకోవాలి. వెళ్ళాను. కాఫీ తాగాను. తేలేదు. ఎందుకు తేలేదో తెలియదు. తెలుసు, కానీ అది రాసే పద్ధతి నాకు తెలియదు. స్కూటర్ ఇంకా నడవడం లేదు. మాతో కలిసి మంద కాసే అస్లాక్‌వాళ్ళు అది కదిలించే రోజు అనేసుకున్నారు.

లెమెత్


స్కెర్వొయ్
ఏప్రిల్ 3

లెమెత్,

ఈసారి నవ్వకుండా రాస్తున్నాను. కొంచెం నవ్వి రాస్తున్నాను, ఆ పులుసు మూలంగా.

నిన్న రేవులో హాల్వర్ పడవకి యాక్సిలేటర్ బిగుసుకుపోయింది. మునిగిన రాయి దగ్గర నాటిన గుర్తు కర్ర చుట్టూ గిరగిరా తిరిగాడు. "తప్పుకోండి! తప్పుకోండి!" అని అరుస్తున్నాడు. ఒడ్డున ఊరంతా చూస్తోంది. చుట్లు మూడు దాటిపోయాయి గానీ ఎవరూ పెళ్ళికి ఒప్పుకోలేదు. ఒడ్డుకొచ్చి వణుకుతూ, "ఇంగా, మీ తమ్ముడు నిజమే చెప్పాడు" అన్నాడు.

అంటే నువ్వు నిజంగానే ఆపలేకపోయావన్నమాట. నేనేమో చేపల షెడ్డు దాకా చెప్పి, బ్రోచి కూడా పంపేశాను.

ఇప్పుడు నేను చెప్పేది విను. ఆ పిల్ల బ్రోచిని గుడ్డలో చుట్టి అరలో పెట్టింది. తిరిగి ఇవ్వలేదు. పెట్టుకోనూ లేదు. నువ్వేమంటావో చూద్దామని పెట్టింది. నువ్వు ఏమీ అనలేదు. ఈస్టర్ దాటాక నువ్వు మందతో ఇటు వచ్చేస్తావు, మళ్ళీ ఆకులు ఎర్రబడ్డాకే అటు వెళతావు. అన్నాళ్ళు ఆ పిల్ల కాఫీ డబ్బా తీసినప్పుడల్లా ఆ మూట చూడాలా? గారెన్ అత్త ఊరందరికీ నీ పాట వినిపిస్తుంటే ఆ పిల్ల ఎక్కడికి పోవాలి?

వద్దనుకుంటే వెళ్ళి, "యాక్సిలేటర్ బిగుసుకుంది, క్షమించు" అని చెప్పి బ్రోచి తెచ్చుకో. కావాలనుకుంటే కావాలనే చెప్పు. రెంటిలో ఏదైనా నోటితో చెప్పాలి. అమ్మానాన్నల రోజుల్లో జింకలు చెప్పేవి. స్కూటర్లకి నోరు లేదురా. నువ్వే తెరవాలి.

స్క్రూడ్రైవర్ నీళ్ళలోనే ఉందట.

అక్క


కౌటొకైనో
ఏప్రిల్ 22

అక్కా,

చలి మైనస్ నాలుగు. పగలు మంచు మెత్తబడుతోంది, తెల్లవారుజామున గట్టిగా ఉంటుంది. రేపు మంద కదులుతుంది. స్కూటర్ నడుస్తోంది.

నీ ఉత్తరం వచ్చాక రోజూ రిస్తెన్ ఇంటికి వెళ్ళాను, రోజూ చెప్పలేదు. ఈస్టర్‌కి చర్చిలో పెళ్ళిళ్ళు వరసగా అయ్యాయి. మేమిద్దరం వెనక బెంచీలో కూర్చున్నాం. మధ్యలో గారెన్ అత్త కూర్చుని, ప్రతి పెళ్ళికీ నన్ను మోచేత్తో పొడిచింది. పక్కటెముకలు ఇంకా నొప్పిగా ఉన్నాయి.

నిన్న చెప్పాను. పనిబల్ల దగ్గర, కార్బొరేటర్ వైపు చూస్తూ చెప్పాను.

"ఆ రోజు యాక్సిలేటర్ బిగుసుకుపోయింది."

"తెలుసు" అంది. "పెళ్ళి అడగడానికి వచ్చేవాడు 'అయ్యో, అయ్యో, కుక్కని లాగండి' అని కేకలు పెట్టడు."

"మరి స్లెడ్జి ఎందుకు విప్పావు?"

"నా కట్టెల కుప్ప ఎక్కింది కాబట్టి. విప్పకపోతే శీతాకాలం కట్టెలన్నీ లాక్కుపోయేవాడివి."

ఆమె గోడకున్న సన్నటి రంపం తీసింది. కొమ్ము కోసే రంపం, దారంలా ఉంటుంది దాని పలక. అరిగిపోయిన స్క్రూ తల మీద అడ్డంగా గాడి కోసింది. కెటిల్‌లోంచి వేడినీళ్ళు పోసింది, చదును స్క్రూడ్రైవర్ గాడిలో పెట్టి సుత్తితో నెత్తిన రెండు దెబ్బలు కొట్టి తిప్పింది. కీచుమని వచ్చేసింది. నేను బల్ల మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయాను.

"ఇంత సులువైతే మొదట్లోనే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వు అడగలేదు. నూనె ఎక్కడినుంచో తెచ్చావు, వేడినీళ్ళ సంగతి స్కెర్వొయ్‌కి రాసి తెలుసుకున్నావు, సముద్రం ఒడ్డున ఉన్న బావని అడిగావు. నేను ఈ బల్లకి ఇటువైపు కూర్చున్నాను."

"అడిగితే చెప్పేదానివా?"

"అడిగి చూడాల్సింది."

గిన్నెలో నీరు తుడిచి, అన్నీ శుభ్రం చేసి బిగించాను. నాలుగో స్క్రూ బదులు బోల్టు వేశాను. ఇంజన్ ఆపే బటన్ కొత్తది పెట్టాను. వాకిట్లో స్టార్ట్ చేస్తే రెండో లాగుకే అందుకుంది. మంచి చప్పుడు. కుక్కలు పరుగెత్తాయి. ఆమె గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

అప్పుడు అడిగాను. ఇంజన్ చప్పుడులో అడిగితే, ఆమెకి వినబడకపోయినా నేను అడిగినట్టే అవుతుందని అనుకున్నాను.

ఆమె దగ్గరికి వచ్చి చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఇంజన్ ఆపు!" అని అరిచింది. ఆపాను. కొత్త బటన్ వెంటనే పనిచేసింది. అంత నిశ్శబ్దం నేను కొండ మీద కూడా వినలేదు. మళ్ళీ అడగాల్సి వచ్చింది.

ఆమె నోరు తెరిచేలోపు కిటికీ తెరుచుకుంది. "ఏమిటే అంటున్నాడు?" అని గారెన్ అత్త. "నాకు ఒక్క ముక్క వినబడలేదు. గట్టిగా అడగమను! ఇన్ని ఎముకలు తిన్నాడు, గొంతు లేదా?"

రోడ్డు మీద పోతున్న అస్లాక్ కూడా ఏం జరుగుతోందో చూద్దామని స్కూటర్ ఆపి ఇంజన్ కట్టేశాడు. అవతలి ఇంట్లో తోలు ఆరేస్తున్న ఆవిడ తోలు పట్టుకుని అలాగే నిలబడింది. మూడోసారి గట్టిగా అడిగాను. ఏటి అవతలి నుంచి మాట తిరిగి వచ్చింది.

రిస్తెన్ ఒక్కసారే "సరే" అంది, అదీ చాలా మెల్లగా. గారెన్ అత్తకి కూడా వినబడింది.

లెమెత్